పోయిన డబ్బు ఎవరికి చేరింది?

2021-22 నుంచి 2023-24 వరకు మూడు ఆర్థిక సంవత్సరాల్లో దేశంలో కోటి మందికి పైగా వ్యక్తులు షేర్లు, సూచీల రాబోయే ధరలపై కుదుర్చుకునే ఒప్పందాలైన ఫ్యూచర్స్, ఆప్షన్లలో ట్రేడింగ్ చేశారు. వారిలో 93 శాతం మంది నష్టపోయారు. నష్టం మొత్తం 1.8 లక్షల కోట్ల రూపాయలకు పైమాటే. 2024 సెప్టెంబరులో మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ స్వయంగా తేల్చిన లెక్క ఇది. ఆ నివేదిక వెలువడినప్పటి నుంచి అందరూ అడుగుతున్నది వీళ్లంతా ఎందుకు నష్టపోయారని. జవాబులకు కొదవ లేదు. దురాశ అంటారు కొందరు, అవగాహన లేకపోవడం అంటారు ఇంకొందరు, క్రమశిక్షణ లేదంటారు కోర్సులు అమ్మేవారు. అసలు ఆరా తీయవలసింది మరొకటి ఉంది. ఆప్షన్ల మార్కెట్‌లో ఒకరు పోగొట్టుకున్న రూపాయి గాలిలో కలిసిపోదు, ఇంకొకరి ఖాతాలో జమ అవుతుంది. లక్షా ఎనభై వేల కోట్లు ఎవరి ఖాతాల్లో జమ అయ్యాయి?

ఈ ఆరా ముంబై కంటే కర్నూలు, అనంతపురం, కడపలకే ఎక్కువ అవసరం. సెబీ అధ్యయనం ప్రకారం ఈ ట్రేడర్లలో 72 శాతానికి పైగా దేశంలోని 30 పెద్ద నగరాలకు వెలుపలి వారు. మ్యూచువల్ ఫండ్ మదుపరుల్లో అలాంటి ఊళ్ల వారు 62 శాతం. ట్రేడర్లలో నాలుగింట మూడు వంతుల మంది తమ వార్షిక ఆదాయం 5 లక్షల రూపాయల లోపేనని చెప్పినవారు. 30 ఏళ్ల లోపు వారి వాటా ఒక్క ఏడాదిలో 31 శాతం నుంచి 43 శాతానికి ఎగబాకింది.

ఈ అంకెలన్నీ కలిపి చూస్తే కళ్ల ముందు నిలిచే మనిషి రాయలసీమ వారికి బాగా తెలిసినవాడే. అనంతపురంలో అద్దెగది తీసుకుని గ్రూప్స్‌కో, డీఎస్సీకో, బ్యాంకు పరీక్షలకో ఏళ్ల తరబడి చదువుతున్న పట్టభద్రుడు. కర్నూలులో ఏ నెల జీతం ఏ నెలలో వస్తుందో తెలియని ప్రైవేటు కళాశాల లెక్చరరు. తండ్రి కువైట్ నుంచి పంపే డబ్బును చూసుకుంటున్న కడప జిల్లా యువకుడు. నోటిఫికేషన్ ఎప్పుడు పడుతుందో తెలియదు, వాన ఎప్పుడు పడుతుందో తెలియదు. ఫోనులో మాత్రం ఉదయం తొమ్మిదింపావుకు మార్కెట్ ఠంచనుగా తెరుచుకుంటుంది. ఆధార్, పాన్ ఉంటే ఖాతా తెరవడం ఒక పూట పని. ఇలాంటి చోట ట్రేడింగ్‌ను సరదాగా చూసేవారి కంటే ఉద్యోగంగా చూసేవారే ఎక్కువ కావడంలో వింత లేదు.

వీరిలో చాలామంది మార్కెట్‌లోకి వచ్చిన కాలం కూడా వారిని మోసం చేసింది. 2020 మార్చి 23న కరోనా భయంతో, 50 పెద్ద కంపెనీల షేర్ల సూచీ అయిన నిఫ్టీ 7,610 వద్ద ముగిసింది. 2021 అక్టోబరుకల్లా 18,400 దాటింది. లాక్‌డౌన్‌లో ఇంట్లో కూర్చుని ఏ షేరు కొన్నా పెరిగిన రోజులవి. 2020 మార్చిలో దాదాపు 4 కోట్లున్న డీమ్యాట్ ఖాతాలు (షేర్లు దాచుకునే ఖాతాలు) నాలుగేళ్లలో 15 కోట్లు దాటాయి. పెరుగుతున్న మార్కెట్‌లో వచ్చిన లాభాన్ని తమ నేర్పుగా భావించినవారు, అదే ధైర్యంతో షేర్ల నుంచి ఆప్షన్లకు మారారు. మారినప్పుడు ఆట నియమాలే మారిపోయాయని వారికి చెప్పినవారు లేరు.

ఆ తేడా చాలా ముఖ్యం. షేరు కొన్నవాడు ఒక కంపెనీలో వాటాదారు. కంపెనీ లాభాలు గడిస్తే షేరు విలువ పెరుగుతుంది, డివిడెండు వస్తుంది; కొన్నవారందరూ ఒకేసారి లాభపడే వీలుంది. ఆప్షన్లలో అలాంటి అవకాశమే లేదు. అక్కడ ఇద్దరి మధ్య ఒప్పందం ఉంటుంది, అంతే. ఒకరి లాభం సరిగ్గా రెండోవారి నష్టం. అందులోంచి బ్రోకరేజీ, రుసుములు, పన్నులు తీసేస్తే ఇద్దరినీ కలిపి చూసినా మిగిలేది లోటే.

ఒక్క లావాదేవీని దగ్గరగా చూద్దాం. నిఫ్టీ వారపు ఆప్షన్ల గడువు ప్రతి మంగళవారం మధ్యాహ్నం మూడున్నరకు ముగుస్తుంది. ఆ రోజు ఉదయం ఒక ట్రేడరు 40 రూపాయల ప్రీమియం (ఆప్షన్ ధర) ఉన్న కాల్ ఆప్షన్, అంటే సూచీ పెరిగితే లాభం ఇచ్చే ఆప్షన్, ఒక లాటు (కొనగలిగిన కనీస పరిమాణం) కొన్నాడనుకుందాం. 2025లో ఉన్న లాటు పరిమాణం 75 యూనిట్ల చొప్పున 3,000 రూపాయలు. లాభం రావాలంటే నిఫ్టీ పెరగాలి. పెరిగినా సరిపోదు, కావలసినంత పెరగాలి. అంత పెరిగినా సరిపోదు, మూడున్నర లోపే పెరగాలి. సూచీ ఎక్కడికీ కదలకుండా ఊగిసలాడితే 40 రూపాయలు మధ్యాహ్నానికి 15 అవుతాయి, సాయంత్రానికి సున్నా. గడియారం ముల్లు కదిలిన ప్రతి నిమిషం కొన్నవాడి జేబులోంచి అమ్మినవాడి జేబులోకి కొంత డబ్బు పోతూనే ఉంటుంది.

ఇక ఖర్చులు. తక్కువ రుసుము తీసుకునే బ్రోకర్లు కూడా ఆర్డరుకు 20 రూపాయలు తీసుకుంటారు. కొన్నందుకు 20, అమ్మినందుకు 20. దానిపై 18 శాతం జీఎస్టీ, ఎక్స్ఛేంజి రుసుము, అమ్మకపు ప్రీమియం మీద ఎస్‌టీటీ (లావాదేవీల పన్ను), స్టాంపు సుంకం. అన్నీ కలిపి ఒక్కో దఫాకు 50 రూపాయలు దాటుతుంది. మూడు వేల రూపాయల లావాదేవీకి యాభై రూపాయలంటే కంటికి ఆనదు. కానీ రోజుకు నాలుగు దఫాల చొప్పున నెలకు ఇరవై రోజులు చేస్తే 4,000 రూపాయలు. చేతిలో ఉన్న పెట్టుబడి 50 వేలైతే నెలకు 8 శాతం ఖర్చులకే చెల్లు. ఏడాదికి 48 వేలు, అంటే దాదాపు పెట్టుబడి మొత్తం. సూచీ దిశను సగం సార్లు సరిగ్గా ఊహించినా, లాభనష్టాలు ఒకదానికొకటి సరిపోయినా, ఏడాది చివర ఖాతా ఖాళీ అవుతుంది. ఇందులో దురాశ ఎక్కడుంది? ఇది కూడికలు, తీసివేతల సంగతి. 2023-24లో వ్యక్తిగత ట్రేడర్లు ఒక్కొక్కరు సగటున 26 వేల రూపాయలు కేవలం ఈ ఖర్చుల కింద కట్టారని సెబీ చెప్పింది. మూడేళ్లకు కలిపితే దాదాపు 50 వేల కోట్లు. అందులో 51 శాతం బ్రోకరేజీ, 20 శాతం ఎక్స్ఛేంజీల రుసుము. కాబట్టి గెలిచినవారి జాబితాలో మొదటి పేర్లు రాయడం తేలికే. ట్రేడరు గెలిచినా ఓడినా బ్రోకరుకు, ఎక్స్ఛేంజికి, పన్ను రూపంలో ప్రభుత్వానికి అందేది అందుతూనే ఉంటుంది. ఎన్ని లావాదేవీలు జరిగితే అంత రాబడి కనుక, యాప్‌లో నోటిఫికేషన్లు మోగించడం వెనుక ఉన్న ఆసక్తిని అర్థం చేసుకోవడం కష్టం కాదు.

ఖర్చులను పక్కన పెట్టినా, 2023-24 ఒక్క ఏడాదిలో వ్యక్తిగత ట్రేడర్లు, ఇతరులు కలిసి 61 వేల కోట్లకు పైగా పోగొట్టుకున్నారు. అదే ఏడాది సొంత డబ్బుతో ట్రేడింగ్ చేసే సంస్థల లాభం 33 వేల కోట్లు, విదేశీ పోర్ట్‌ఫోలియో ఇన్వెస్టర్ల లాభం 28 వేల కోట్లు. రెండూ కలిపితే 61 వేల కోట్లు. నివేదికలో ఇంతకంటే సూటిగా మాట్లాడే అంకెలు లేవు. విదేశీ ఇన్వెస్టర్ల లాభాల్లో 97 శాతం, సొంత ట్రేడింగ్ సంస్థల లాభాల్లో 96 శాతం అల్గో ట్రేడింగ్ ద్వారా వచ్చాయి. అంటే ధరలను గమనించి, లెక్కించి, ఆర్డరు పెట్టేది కంప్యూటర్ ప్రోగ్రాములే. వాటిని నడిపే సర్వర్లను ఎక్స్ఛేంజి ఆవరణలోనే అద్దెకు పెట్టుకునే వీలు నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజి (ఎన్ఎస్ఈ)లో 2010 నుంచి ఉంది. ఆదోనిలో మొబైల్ సిగ్నల్ కోసం మిద్దె ఎక్కిన కుర్రవాడు కాల్ ఆప్షన్ మీద వేలు నొక్కేసరికి అవతలి యంత్రం ఆ ధరను చూసి, సవరించి, ముందుకు వెళ్లిపోయి ఉంటుంది. ఎన్ని చార్టులు చదివితే ఆ దూరం తగ్గుతుంది?

వేగం ఒక్కటే తేడా అయితే అదొక లెక్క. డబ్బు బలంతో ధరనే కదిలించగలిగితే? 2025 జులైలో సెబీ అమెరికాకు చెందిన ట్రేడింగ్ సంస్థ జేన్ స్ట్రీట్ గ్రూపుపై ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వు చదవదగినది. 2024 జనవరి 17న, అంటే బ్యాంకు షేర్ల సూచీ బ్యాంక్ నిఫ్టీ వారపు గడువు రోజున, ఆ గ్రూపు ఉదయం దాదాపు 4,370 కోట్ల రూపాయల బ్యాంకు షేర్లు, ఫ్యూచర్లు కొని సూచీని నిలబెట్టిందని, అదే సమయంలో ఆప్షన్లలో సూచీ పడితే లాభం వచ్చేలా అంతకు ఎన్నో రెట్ల పొజిషన్లు తీసుకుందని, మధ్యాహ్నం ఆ షేర్లను అమ్మేసిందని సెబీ ఆరోపించింది. షేర్ల కొనుగోలు అమ్మకాల్లో వచ్చిన నష్టం దాదాపు 62 కోట్లు, ఆప్షన్లలో వచ్చిన లాభం దాదాపు 735 కోట్లు. 4,843 కోట్ల రూపాయలను అక్రమ లాభంగా పేర్కొని సెబీ స్వాధీన ఉత్తర్వు ఇచ్చింది. జేన్ స్ట్రీట్ ఆరోపణలను ఖండించింది, తాము చేసింది మామూలు ఆర్బిట్రాజ్ (రెండు మార్కెట్ల మధ్య ధరల తేడాతో లాభపడటం) అంటూ సెక్యూరిటీస్ అప్పిలేట్ ట్రిబ్యునల్‌కు వెళ్లింది. తీర్పు ఎటు వచ్చినా, ఆ ఉదయం సూచీ పెరుగుతోందని సంబరపడి కాల్ ఆప్షన్లు కొన్న వేల మందికి అవతల ఎవరున్నారో ఊహకు కూడా అందలేదన్నది మాత్రం నిజం.

మార్కెట్ లోపలి విజేతలు వీరు. బయట ఉండి సంపాదించేవారు మరికొందరు. లాభాల స్క్రీన్‌షాట్లు పెట్టే టెలిగ్రామ్ గ్రూపులు, వేల రూపాయల కోర్సులు, ఖాతా తెరిపిస్తే కమీషన్ ముట్టే లింకులు. వీటి బలం ఎక్కడుందో కర్నూలు జిల్లా వారికి వేరే చెప్పనక్కరలేదు. తొలకరి వానలు పడగానే తుగ్గలి, జొన్నగిరి పొలాల్లో వజ్రాల కోసం ఎక్కడెక్కడి నుంచో జనం దిగుతారు. ఒకరికి రాయి దొరికితే మర్నాడు పత్రికల్లో వస్తుంది. వారాల తరబడి వంగి వెతికి, ఛార్జీలకు అప్పుచేసి తిరిగి వెళ్లినవారి గురించి వార్త రాదు. స్క్రీన్‌షాట్ల గ్రూపులు నడిచేది సరిగ్గా ఆ లెక్క మీదే. నష్టపోయినవాడు స్క్రీన్‌షాట్ పెట్టడు. వంద మందిలో ఏడుగురు గెలిచినా ఆ ఏడుగురే రోజూ కనిపిస్తారు.

చిన్న కంపెనీల షేర్ల విషయంలో ఇది నేరుగా మోసమే అవుతుంది. రోజుకు కొన్ని వేల షేర్లు మాత్రమే చేతులు మారే కంపెనీని ఎంచుకుని, ఆపరేటర్లు ముందుగా కొని పెట్టుకుంటారు. తర్వాత గ్రూపుల్లో టిప్ వదులుతారు. ధర వరసగా అప్పర్ సర్క్యూట్ (ఒక రోజులో పెరగగల గరిష్ఠ పరిమితి) తాకుతుంది. చిన్నవాళ్లు ఎగబడి కొంటున్నప్పుడు ఆపరేటర్లు అమ్ముకుని తప్పుకుంటారు. ఆ తర్వాత లోయర్ సర్క్యూట్లు, అంటే రోజూ పడగలిగినంతా పడటమే. అమ్ముదామన్నా కొనేవాడు ఉండడు. 2024 ఆగస్టులో సెబీ, తన వద్ద నమోదు కాకుండా సలహాలిచ్చే వారితో బ్రోకర్లు సంబంధం పెట్టుకోకూడదని నిబంధన తెచ్చింది. 2025 జనవరిలో, చదువు చెబుతున్నామనేవారు కనీసం మూడు నెలల పాత ధరలనే వాడాలని ఆదేశించింది. మంచి నిబంధనలే. కాకపోతే టెలిగ్రామ్‌లో గ్రూపు మూయడానికి, ఇంకో పేరుతో తెరవడానికి నిమిషం చాలు.

అనుభవం వస్తే గెలుస్తామన్న వాదన కోర్సులు అమ్మేవారికి ఆయువుపట్టు. దీనిపై బయటి దేశాల్లో గట్టి పరిశోధనే జరిగింది. బ్రెజిల్‌లో సూచీ ఫ్యూచర్లలో డే ట్రేడింగ్ మొదలుపెట్టి 300 రోజులకు పైగా పట్టు విడవకుండా కొనసాగిన వారిని పరిశీలిస్తే, 97 శాతం మంది నష్టపోయినట్లు తేలింది. తైవాన్‌లో 1995 నుంచి 1999 వరకు జరిగిన లావాదేవీలను పరిశీలించిన ఆర్థికవేత్తలు, వ్యక్తిగత మదుపరులు ఏటా పోగొట్టుకున్నది ఆ దేశ జీడీపీలో 2.2 శాతానికి సమానమని లెక్కగట్టారు. మన దగ్గర రెండేళ్లు వరసగా నష్టపోయిన వారిలో 75 శాతానికి పైగా మూడో ఏడు కూడా కొనసాగారు. పోయింది రాబట్టుకోవాలన్న తపన వారిని లోపలే ఉంచింది. 50 శాతం పోగొట్టుకున్నవాడు మొదటి చోటికి రావాలంటే 100 శాతం లాభం గడించాలి. అందుకే లాట్లు పెంచుతాడు, ఇంకా వేగంగా పోతాడు.

చిన్నవాళ్లు పెద్దలను ఓడించిన ఉదాహరణలు లేవా? ఉన్నాయి, అందరూ చెప్పేది గేమ్‌స్టాప్. 2021 జనవరిలో అమెరికాలో ఈ వీడియోగేముల దుకాణాల కంపెనీ షేరును లక్షలాది చిన్న మదుపరులు కలిసికట్టుగా కొన్నారు. నెల మొదట్లో 20 డాలర్ల లోపున్న షేరు 28వ తేదీన 483 డాలర్లను తాకింది. షేరు పడుతుందని పందెం కాసిన మెల్విన్ క్యాపిటల్ అనే హెడ్జ్ ఫండ్ (సంపన్నుల, సంస్థల డబ్బుతో నడిచే పెట్టుబడి నిధి) ఆ ఒక్క నెలలో 53 శాతం నష్టపోయింది, మరుసటి ఏడాది మూతపడింది. ఒక పెద్ద ఫండ్ కూలిన మాట నిజమే. కానీ అదే షేరులో సెన్వెస్ట్ అనే మరో హెడ్జ్ ఫండ్ 70 కోట్ల డాలర్ల దాకా లాభపడి బయటపడింది. ఫిబ్రవరి 4కల్లా షేరు 53 డాలర్లకు వచ్చింది. వార్తలు చూసి 300కు, 400కు కొన్నవారు పోగొట్టుకున్నది ముందే కొన్నవారికి చేరింది. ముందే కొన్నవారిలో చిన్నవాళ్లూ ఉన్నారు, పెద్ద ఫండ్లూ ఉన్నాయి. చివరన కొని చిక్కుకున్న చిన్నవాళ్లూ ఎందరో.

ఓడినవారి జాబితా ట్రేడరుతో ఆగదు. సెబీ లెక్కలో అతి ఎక్కువ నష్టపోయిన 3.5 శాతం మంది, అంటే దాదాపు 4 లక్షల మంది, సగటున 28 లక్షల రూపాయల చొప్పున పోగొట్టుకున్నారు. రాయలసీమ పట్టణంలో ఒక కుటుంబానికి 28 లక్షలంటే ఇల్లు, లేదా కూతురి పెళ్లి, కొడుకు చదువు కలిపినంత. అంత పెద్ద మొత్తాల సంగతి అటుంచి, సగటు నష్టమైన రెండు లక్షల రూపాయలు కూడా ఎక్కడి నుంచో రావాలి. బీరువాలోని నగలు బంగారు రుణానికి వెళతాయి. వేరుశనగ పంటకు దాచిన పెట్టుబడి వెళుతుంది. రుణ యాప్‌ల నుంచో, నూటికి మూడు రూపాయల వడ్డీకో తెచ్చిన డబ్బు వెళుతుంది. ఇంట్లో తెలిసేది చివరన. తల్లికో భార్యకో నగలు విడిపించుకోవలసిన రోజు వచ్చినప్పుడు.

పైగా ఈ నష్టానికి గొంతు లేదు. అగ్రిగోల్డ్ చేతులెత్తేసినప్పుడు లక్షలాది డిపాజిటర్లు రోడ్డెక్కారు, సంఘాలు కట్టారు, కోర్టులకు వెళ్లారు. చిన్న డిపాజిటర్లకు ప్రభుత్వం కొంత చెల్లించింది. అక్కడ నిలదీయడానికి ఒక సంస్థ ఉంది. ఆప్షన్లలో ఎవరిని నిలదీస్తారు? ప్రతి ఆర్డరు తన వేలితో తనే పెట్టాడు. అంతా చట్టబద్ధం, అన్నిటికీ కాంట్రాక్టు నోటు ఉంటుంది. సిగ్గుతో నోరు విప్పడు. ఒకే వీధిలో నలుగురు నష్టపోయినా ఆ నలుగురూ ఒకరికొకరు చెప్పుకోరు. ఇంత పెద్ద నష్టం రాజకీయ సమస్య కాకపోవడానికి ప్రధాన కారణం ఈ మౌనమే అనిపిస్తుంది.

ఆప్షన్లు, ఫ్యూచర్లు పుట్టిందే ధర పడిపోతుందన్న భయం ఉన్నవారిని కాపాడటానికి. ఆ భయం నిజంగా ఉన్నది పత్తికొండ టమాటా రైతుకు, కర్నూలు ఉల్లి రైతుకు. కిలో ఒకటి రెండు రూపాయలకు పడిపోయి టమాటాలను రోడ్డు పక్కన పారబోసిన సీజన్లు పత్తికొండ చూసింది. ఆ రెండు పంటలకూ దేశంలో ఫ్యూచర్స్ మార్కెట్టే లేదు. వరి, గోధుమ, శనగలు సహా ఏడు రకాల సరుకుల ఫ్యూచర్లను ధరలు పెరుగుతాయన్న భయంతో 2021 డిసెంబరులో నిలిపివేశారు, ఆ తర్వాత నిలిపివేతను పొడిగిస్తూ వచ్చారు. పంట ధర మీద ఊహాగానం ప్రమాదమని ఇంత జాగ్రత్త పడిన వ్యవస్థ, ఆ రైతు కొడుకు సూచీ మీద రోజుకు పది సార్లు పందెం కాయడానికి అన్ని దారులూ తెరిచింది. దీన్ని సమర్థించడం కష్టం.

దిద్దుబాటు అసలు జరగలేదని కాదు. 2024 నవంబరు నుంచి సూచీ కాంట్రాక్టుల కనీస విలువను 15 లక్షల రూపాయలకు పెంచారు, వారపు గడువులను ఒక్కో ఎక్స్ఛేంజికి ఒక్క సూచీకే పరిమితం చేశారు. అంతకు నెల ముందే ఆప్షన్ల అమ్మకంపై ఎస్‌టీటీని 0.0625 శాతం నుంచి 0.1 శాతానికి పెంచారు. చిన్న ట్రేడర్ల సంఖ్య తగ్గుముఖం పట్టింది. నష్టం మాత్రం తగ్గలేదు. 2024-25లో వ్యక్తిగత ట్రేడర్ల నికర నష్టం 1.05 లక్షల కోట్లు. అంతకు ముందు ఏడాది కంటే 41 శాతం ఎక్కువ. నష్టపోయినవారు 91 శాతం. దక్షిణ కొరియా ఒకప్పుడు ఇదే చిక్కులో పడింది. 2012లో తన షేర్ల సూచీ కోస్పి ఆప్షన్ల కాంట్రాక్టు పరిమాణాన్ని ఏకంగా ఐదు రెట్లు చేసింది, చిన్నవారి ట్రేడింగ్ బాగా పడిపోయింది. వారపు గడువులను పూర్తిగా ఎత్తివేయడానికి మన దగ్గర ఇంకా తటపటాయిస్తున్నారు. గడువు రోజు ఊహాగానంతో ఏ కంపెనీకీ పెట్టుబడి సమకూరదు, ఏ రైతుకూ రక్షణ దొరకదు. ఎత్తివేస్తే నష్టపోయేది ఎవరో పైన చెప్పుకున్న లెక్కల్లోనే ఉంది.

అంతవరకు ఆగకుండా చేయగలిగిన పని ఒకటుంది. 2023 జులై నుంచి బ్రోకర్ల యాప్‌లు తెరవగానే పదిమందిలో తొమ్మిదిమంది నష్టపోతున్నారన్న హెచ్చరిక చూపాలన్న నిబంధన ఉంది. అందరూ తాము ఆ పదో మనిషినే అనుకుని దాన్ని నొక్కి ముందుకు వెళ్లిపోతారు. దాని బదులు, ఆర్డరు పెట్టే ముందు ఆ ఖాతాదారు ట్రేడింగ్ మొదలుపెట్టిన నాటి నుంచి ఆ రోజు వరకు తన సొంత నికర నష్టం ఎంతో, అందులో బ్రోకరేజీ, రుసుములు, పన్నులు ఎంతో రూపాయల్లో తెర మీద చూపించాలి. ఆ లెక్క బ్రోకరు దగ్గర ప్రతి క్షణం సిద్ధంగానే ఉంటుంది. ఇప్పుడు దాన్ని చూడాలంటే ఖాతాదారు యాప్‌లో రిపోర్టుల విభాగానికి వెళ్లి, తేదీలు ఎంచుకుని, పన్ను రిటర్నుల కోసం ఇచ్చే లాభనష్టాల పత్రం దించుకోవాలి. ఆర్డరు పెట్టడానికి రెండుసార్లు నొక్కితే చాలు.